21 తెల్ల మాత్రలు, 7 నల్ల మాత్రలు

(నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలోని ఒక ఊళ్లో పొదుపు సంఘాల సభ్యులతో ఒక రిటైర్డ్ ఆరోగ్య పర్యవేక్షకురాలు మాట్లాడిన మాటలకు అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న అమ్మలకు, వెనక పసిబిడ్డల్ని ఒళ్లో వేసుకుని కూర్చున్న చెల్లెళ్లకు, ఆ తలుపు దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అని చూస్తున్న తమ్ముళ్లకు కూడా. రండి నాయనా, చాపల మీద చోటుంది. ఇది ఆడవాళ్ల మీటింగే గానీ, విషయం మాత్రం ఇద్దరిదీ.

నా చేతిలో ఉన్న ఈ షీటు చూడండి. కడుపు రాకుండా ఆడవాళ్లు వేసుకునే మాత్రలివి. పేరు మాలా-ఎన్. పీహెచ్‌సీలో, విలేజ్ క్లినిక్‌లో ఉచితంగా ఇస్తారు. ఇదే మందు మాలా-డి పేరుతో మందుల షాపులో తక్కువ ధరకు దొరుకుతుంది. మొత్తం 28 మాత్రలు. 21 తెల్లవి, 7 నల్లవి. ఇవాళ నేను ఎంతసేపు మాట్లాడినా ఈ తెల్లవాటికీ నల్లవాటికీ మధ్య జరిగే సంగతే మాట్లాడతాను.

ముందు ఒక అమ్మాయి గురించి చెప్పాలి. నేను ఏఎన్‌ఎంగా పనిచేసే రోజుల్లో సబ్‌సెంటర్‌కు వచ్చింది. 21 ఏళ్లు. చంకలో ఏడాది దాటిన బిడ్డ. నెల తప్పి రెండు నెలలైంది. "మాత్రలు ఏసుకుంటానే ఉండానక్కా, అయినా ఎట్ట వచ్చిందో" అని ఏడ్చింది. నేను నమ్మలేదు. షీటు చూపించమన్నాను. కొంగు ముడి విప్పి తీసింది. చెమటకు అట్ట మెత్తబడిపోయి, ముడతలు పడి ఉంది. చూస్తే అందులో మాత్రలు ఒక వరుసలో లేవు. ఒకచోట రెండు పోయాయి, నాలుగు ఉన్నాయి. మళ్లీ ఒకటి పోయింది, ఐదు ఉన్నాయి. మళ్లీ రెండు పోయాయి. వాళ్లాయన లారీ మీద చెన్నై పోతాడు. ఇంటికి వచ్చిన రోజు ఒకటి వేసుకుంది. లేని రోజు వేసుకోలేదు. "ఆయన లేనప్పుడు దండగ గదక్కా" అంది.

ఆలోచించండి. ఆ పిల్ల తెలివితక్కువదా? కాదు. తలనొప్పి ఉన్న రోజే తలనొప్పి మాత్ర వేసుకుంటాం. జ్వరం ఉన్న రోజే జ్వరం మాత్ర. అదే లెక్కన వేసుకుంది. ఆ లెక్క ఇక్కడ పనికిరాదని ఆమెకు చెప్పాల్సింది ఎవరు? ఆ షీటు ఆమె చేతిలో పెట్టింది నేనే. "రోజుకొకటి వేసుకో" అని చెప్పి, రిజిస్టర్‌లో రాసుకుని, పక్కింటికి పోయాను. రోజుకొకటి ఎందుకో చెప్పలేదు. ఒక్క ఐదు నిమిషాలు కూర్చుని ఉంటే సరిపోయేది. ఆమె రెండో కాన్పు అయింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు 22 ఏళ్లు నిండాలని నిబంధన ఉంది. నిండిన నెలలోనే ఇంట్లోవాళ్లు చేయించేశారు. ఆ ముడతల షీటు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంటుంది. అందుకే రిటైరైనా ఎవరు పిలిచినా ఇట్లా వస్తాను.

మన రాష్ట్రం సంగతి చూడండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మధ్య పెళ్లైన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మాత్రలు వాడేవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. మన ఊళ్లో ఆడపిల్ల జీవితం ఎట్లా నడుస్తుందో మీకు తెలుసు. పెళ్లి, వెంటనే ఒకరు, ఏడాదిన్నరకు ఇంకొకరు, ఆపైన ఆపరేషన్. పాతికేళ్లకు అన్నీ అయిపోతాయి. పెళ్లికీ మొదటి కాన్పుకూ మధ్య, మొదటి బిడ్డకూ రెండో బిడ్డకూ మధ్య ఎడం ఉండాలని, ఆ ఎడం ఆమె చేతిలో ఉండొచ్చని చెప్పేవాళ్లు తక్కువ. ఆపరేషన్ తప్పని నేననను. అది కూడా మంచి పద్ధతే. కానీ అదొక్కటే దారి అన్నట్టు ఉండటం నాకు నచ్చదు.

సరే, ఈ మాత్ర ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. ఇది అర్థమైతే మిగతా రూల్స్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, వాటంతట అవే తెలుస్తాయి.

మన పొలాలకు నీళ్లు ఎట్లా వస్తాయి? సోమశిలలో వదిలితే పెన్నలో దిగి, నెల్లూరు ఆనకట్ట దగ్గర కాలువల్లోకి మళ్లి చెరువులకు చేరతాయి. కాలువ మీద తూము దగ్గర లస్కరు ఉంటాడు. "చెరువు నిండింది, ఇక చాలు" అని కింద నుంచి కబురు వస్తే తూము దించేస్తాడు. కబురు లేకపోతే ఎత్తుతాడు. మన తలలో కూడా ఒక లస్కరు ఉంది. మెదడు అడుగున శనగగింజంత గ్రంథి. పిట్యుటరీ అంటారు. నెలనెలా అది ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. అవి వచ్చాకే అండాశయంలో అండం పెరుగుతుంది, పక్వానికొచ్చి బయటపడుతుంది. అండం బయటపడితేనే కడుపు నిలిచేది.

మరి కడుపుతో ఉన్నప్పుడు మళ్లీ అండం ఎందుకు విడుదల కాదు? అప్పుడు ఒంట్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు నిండుగా ఉంటాయి. చెరువు నిండిందన్న కబురు అదే. లస్కరు తూము దించేసి కూర్చుంటాడు. ఈ తెల్ల మాత్రలో ఉన్నవి సరిగ్గా ఆ రెండు హార్మోన్ల తరహా మందులే. ఇథినైల్ ఈస్ట్రాడియోల్ 0.03 మిల్లీగ్రాములు, లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు. కంటికి ఆననంత మోతాదు. అయినా రోజూ ఒకే వేళకు అందుతుంటే, "చెరువు నిండింది, నిండింది" అని రోజూ కబురు పోతూ ఉంటుంది. లస్కరు తూము ఎత్తడు. అండం విడుదల కాదు.

ఇంకో రెండు పనులు కూడా చేస్తుంది. గర్భాశయం ముఖద్వారం దగ్గర ఉండే జిగురును చిక్కగా చేస్తుంది, వీర్యకణాలు దాటలేవు. గర్భసంచి లోపలి పొరను పల్చగా ఉంచుతుంది. కానీ అసలు పని మాత్రం తూము దగ్గరే.

ఇప్పుడు ఆ లారీ డ్రైవర్ భార్య సంగతికి రండి. శనివారం ఒక కబురు పంపింది. మాత్రలోని మందును మన కాలేయం రోజురోజుకూ తీసేస్తూ ఉంటుంది. అది ఒంట్లో పేరుకుని ఉండదు. సోమవారానికి కబురు ఆగిపోయింది. మంగళ, బుధ, గురువారాలు లస్కరుకు ఏమీ తెలియలేదు. తూము ఎత్తేశాడు. ఆయన మళ్లీ శనివారం వచ్చేసరికి ఆమె ఒంట్లో అండం సిద్ధంగా ఉంది. ఆ రాత్రి వేసుకున్న మాత్ర ఏం చేయగలదు? మాత్ర భర్త ఇంటికి రావడం గురించి కాదమ్మా, మీ అండాశయం గురించి. ఆయన దుబాయ్‌లో ఉన్నా, సముద్రం మీద వేటకు పోయినా, వచ్చే నెలలో వస్తాడంటే ఈ నెల కూడా రోజూ వేసుకోవాల్సిందే.

ఎప్పుడు మొదలుపెట్టాలి? నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి ఐదో రోజు లోపల మొదలుపెడితే ఆ రోజు నుంచే రక్షణ ఉంటుంది. ఆ తర్వాత ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు, కడుపు లేదని ఖాయమైతే. కానీ మొదటి ఏడు రోజులు కండోమ్ కూడా వాడాలి. అండాశయాన్ని నిద్రపుచ్చడానికి వరుసగా ఏడు మాత్రలు కావాలి కాబట్టి. ఈ ఏడు అనే అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక నల్ల మాత్రలు. ఎక్కువ మంది దెబ్బ తినేది ఇక్కడే. వీటిలో హార్మోన్ లేదు. ఐరన్ ఉంది, 60 మిల్లీగ్రాముల ఫెర్రస్ ఫ్యూమరేట్. ఆ ఏడు రోజుల్లోనే నెలసరి వస్తుంది. మన రాష్ట్రంలో నూటికి దాదాపు 59 మంది ఆడవాళ్లకు రక్తం తక్కువని అదే సర్వే చెప్పింది, కాబట్టి ఆ ఐరన్ ఊరికే పెట్టింది కాదు. కానీ దానికంటే పెద్ద పని ఒకటుంది. నల్ల మాత్ర మీకు తేదీ లెక్క తప్పకుండా చూస్తుంది. ఏడు నల్లవి అయిపోయిన మర్నాడే కొత్త షీటులో మొదటి తెల్లది. నెలసరి ఇంకా ఆగకపోయినా సరే. నడుస్తున్నా సరే.

చాలామంది ఏం చేస్తారంటే, నల్లవి వేసుకుంటే వికారంగా ఉందని పారేస్తారు. పారేస్తే పెద్ద ప్రమాదం లేదు, అందులో హార్మోన్ లేదు కదా. ప్రమాదం ఎక్కడంటే, నల్లవి పారేశాక లెక్క పోతుంది. "ముట్టు పూర్తిగా ఆగనీ, తలస్నానం చేశాక మొదలుపెడదాం" అనుకుంటారు. మధ్యలో ఎవరింట్లోనో పెళ్లి, లేకపోతే పుట్టింటి ప్రయాణం. ఏడు రోజులు తొమ్మిది అవుతాయి, పది అవుతాయి. లస్కరు ఏడు రోజులు కబురు లేకపోయినా ఓర్చుకుంటాడు. ఆ తర్వాత తూము మీద చెయ్యి వేస్తాడు. షీటు మధ్యలో ఒక మాత్ర మరచిపోవడం కంటే, కొత్త షీటు రెండు మూడు రోజులు ఆలస్యంగా మొదలుపెట్టడం చాలా ప్రమాదం. ఈ ఒక్క ముక్క ఇవాళ మీరు ఇంటికి తీసుకెళ్తే నేను వచ్చిన పని అయినట్టే. కొత్త షీటు పాతది అయిపోకముందే ఇంట్లో ఉండాలి. బియ్యం నిండుకున్నాక కొట్టుకు పరిగెత్తినట్టు కాకూడదు.

మరచిపోతే ఏం చేయాలో చెబుతాను. ఒక తెల్ల మాత్ర మరచిపోతే, గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. ఆ రోజుది ఆ రోజు వేళకు వేసుకోండి. ఒకే రోజు రెండు పడ్డా ఏం కాదు. రెండు మరచిపోయినా ఇదే పద్ధతి. అయితే రెండు అయినప్పుడు ఏడు రోజులు కండోమ్ కూడా వాడమని నేను చెబుతాను. కొంచెం జాగ్రత్త ఎక్కువైనా నష్టం లేదు. మూడు, అంతకంటే ఎక్కువ మరచిపోతే ఒకటి వెంటనే వేసుకుని, షీటు కొనసాగించి, ఏడు రోజులు తప్పకుండా కండోమ్ వాడాలి. ఆ మరచిపోవడం మూడో వారంలో, అంటే నల్లవాటికి దగ్గరలో జరిగిందనుకోండి. మిగిలిన తెల్లవి పూర్తి చేసి, నల్లవి వదిలేసి, మర్నాడే కొత్త షీటు మొదలుపెట్టాలి. ఎందుకో మీకు ఇప్పుడు తెలుసు. మరచిపోయిన మూడు రోజులు, నల్లవాటి ఏడు రోజులు కలిస్తే లస్కరు పది రోజులు కబురు లేకుండా ఉంటాడు. ఆ నెల నెలసరి రాకపోయినా భయపడొద్దు.

వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. రెండు రోజులకు మించి విరేచనాలు, వాంతులు పట్టుకుంటే ఆ రోజుల్ని మాత్ర మరచిపోయిన రోజుల కిందే లెక్కవేయండి.

వేళ గురించి ఒక మాట. ఏ వేళైనా పరవాలేదు, రోజూ అదే వేళ కావాలి. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువ. మన ఊళ్లో ముస్లిం అక్కలు రంజాన్ నెలలో ఇఫ్తార్ తర్వాత వేసుకుంటే సరిపోతుంది. రొయ్యల ఫ్యాక్టరీకి షిఫ్టుకు పోయేవాళ్లకు వేళలు మారుతుంటాయి, వాళ్లు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఒక కోడలు షీటును బియ్యం డ్రమ్ములో, బియ్యం కింద దాచేది. అత్త కంట పడకూడదని. పుట్టింటికి పోయినప్పుడల్లా అది డ్రమ్ములోనే ఉండిపోయేది. దాచుకోవాల్సి వస్తే మీతోపాటు వచ్చే చోట దాచుకోండి. పర్సులోనో, సబ్బుపెట్టె పక్కన చిన్న డబ్బాలోనో. అత్తగార్లూ, మీరూ ఇక్కడే ఉన్నారు. మీ కోడలు బియ్యంలో చెయ్యి పెట్టి వెతుక్కోవాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి.

సరిగ్గా వాడితే ఏడాదిలో వెయ్యి మందిలో ముగ్గురికి కడుపు వస్తుంది. అంటే దాదాపు రానట్టే. కానీ మామూలుగా జనం వాడే తీరులో, అంటే మరచిపోతూ, ఆలస్యం చేస్తూ వాడితే, నూటికి ఏడుగురికి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇది. వెయ్యికి మూడు ఎక్కడ, నూటికి ఏడు ఎక్కడ. రెండు లెక్కల్లోనూ మాత్ర ఒకటే.

ఇక భయాలు. "మాత్రలేసుకుంటే గర్భసంచిలో పేరుకుపోయి గడ్డ కడతాయి" అంటారు. అన్నంలా అరిగి రక్తంలో కలిసి బయటికి పోయేదే గానీ, గర్భసంచిలోకి మాత్ర పోయే దారే లేదు. "ఇక పిల్లలే పుట్టరు" అంటారు. కొత్తగా పెళ్లైన పిల్లను, ఇప్పుడు మాత్రలేసుకుంటే రేపు పిల్లల కోసం రొట్టెల పండగలో సంతాన రొట్టె పట్టడానికి స్వర్ణాల చెరువులో దిగాల్సి వస్తుందని భయపెట్టినవాళ్లను నేను చూశాను. రొట్టెల పండగ మీద నాకెంతో గౌరవం, నేనూ ఏటా పోతాను. కానీ ఈ మాత్రకూ గొడ్రాలితనానికీ సంబంధం లేదు. ఆపేసిన నెల నుంచే తూము మళ్లీ మామూలుగా నడవడం మొదలవుతుంది. మధ్యమధ్యలో "ఒంటికి రెస్ట్" అని ఒకటి రెండు నెలలు ఆపాల్సిన పని కూడా లేదు. ఆ రెస్ట్‌లో కడుపొచ్చిన వాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఈ భయాల్లో కొన్నిటికి పాత కారణం ఉంది. 1960లో అమెరికాలో గర్భనిరోధానికి అనుమతి పొందిన మొదటి మాత్రలో ఈస్ట్రోజెన్ తరహా మందు 150 మైక్రోగ్రాములు ఉండేది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నదాంట్లో 30. అప్పటి మోతాదుకు వాంతులు, తలతిప్పు బాగా ఉండేవి. ఆ మాటలే ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఇప్పుడైనా మొదటి రెండు మూడు నెలలు వికారం, రొమ్ముల్లో నొప్పి, మధ్యలో కొద్దిగా మరకలు కనపడటం ఉండొచ్చు. మరక కనపడిందని ఆపకండి. ఆపితే ఇంకా ఎక్కువవుతుంది. మూడు నెలల తర్వాత కూడా తగ్గకపోతే ఏఎన్‌ఎంకు చెప్పండి.

లాభాలూ ఉన్నాయి. నెలసరిలో రక్తం తక్కువ పోతుంది, కడుపునొప్పి తగ్గుతుంది. అండాశయ క్యాన్సర్, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ వచ్చే అవకాశం తగ్గుతుంది. రొమ్ము క్యాన్సర్ అవకాశం మాత్రం వాడే కాలంలో కొద్దిగా పెరిగి, ఆపాక క్రమంగా మామూలుకు వస్తుంది. ఇది దాచకుండా చెప్పాలి. నమ్మకం నిలవాలంటే మంచీ చెడూ రెండూ చెప్పాలి కదా.

అందరికీ ఈ మాత్ర పడదు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బీపీ 140/90, అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లు, 35 దాటి బీడీ, చుట్ట, సిగరెట్ అలవాటున్నవాళ్లు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు, కామెర్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు దీన్ని వాడకూడదు. కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనపడి ఆ వెనకే ఒకవైపు తలనొప్పి వచ్చేవాళ్లు కూడా. పాలిచ్చే తల్లులు కాన్పైన ఆరు నెలల దాకా వద్దు. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నా, మూర్ఛకు ఫినైటాయిన్, కార్బమజెపిన్ లాంటివి వాడుతున్నా డాక్టర్‌కు చెప్పాలి. ఆ మందులు ఈ హార్మోన్‌ను త్వరగా కరిగించేస్తాయి, మాత్ర వేసుకున్నా వేసుకోనట్టే అవుతుంది. జలుబుకు, గొంతునొప్పికి వాడే మామూలు యాంటీబయాటిక్స్‌తో ఆ బెంగ లేదు.

రక్తం గడ్డకట్టడం గురించి పేపర్‌లో చదివి హడలిపోయినవాళ్లు ఉంటారు. లెక్క చెబుతాను. మాత్ర వాడనివాళ్లలో ఏడాదికి 10,000 మందిలో 1 నుంచి 5 మందికి అట్లా జరుగుతుంది. వాడేవాళ్లలో 3 నుంచి 9 మందికి. కడుపుతో ఉన్నవాళ్లలో 5 నుంచి 20 మందికి. అంటే మాత్ర కంటే గర్భంతోనే ఆ ప్రమాదం ఎక్కువ. అయినా ఒక కాలి పిక్క వాచి బాగా నొప్పి పుట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, కళ్లు పచ్చబడినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి. రేపు చూద్దాం అనుకోవద్దు.

పాలిచ్చే తల్లులకు మరో మాత్ర ఉంది, ఛాయ. ఇది మన దేశంలో, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టింది. మందు పేరు సెంట్‌క్రోమాన్. సహేలీ పేరుతో ముందే షాపుల్లో ఉండేది. 2016లో ప్రభుత్వ కార్యక్రమంలోకి ఛాయ పేరుతో వచ్చింది. ఇందులో హార్మోన్ లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికి ఒక్కసారే. నెలసరి మొదలైన రోజున మొదటి మాత్ర. అది ఆదివారమైతే రెండోది బుధవారం. మూడు నెలలూ ఆదివారం, బుధవారం. నాలుగో నెల నుంచి ఒక్క ఆదివారం. వినడానికి తేలిగ్గా ఉంది గానీ, వారానికోసారి అనేది మరచిపోవడం కూడా అంతే తేలిక. ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే వెంటనే వేసుకుని వచ్చే నెలసరి దాకా కండోమ్ వాడాలి. ఏడు రోజులు దాటితే మళ్లీ మొదటి నుంచి, వారానికి రెండుసార్ల లెక్క. దీంతో కొందరికి నెలసరి ఆలస్యం కావచ్చు, తక్కువ కావచ్చు. అండాశయంలో నీటిబుడగలు ఉన్నాయని, అదే పీసీఓడీ ఉందని చెప్పినవాళ్లు, ఈ మధ్యే కామెర్లు వచ్చినవాళ్లు దీన్ని వాడకూడదు.

ఇప్పుడు గందరగోళం ఎక్కువ ఉన్న రెండు మూడు మాత్రల సంగతి. తిరుమలకు పోవాలని, ఇంట్లో వ్రతం ఉందని నెలసరి వాయిదా పడటానికి మందుల షాపులో మాత్రలు తెచ్చుకుంటారు. అది నోరెథిస్టిరాన్. దాన్ని వేసుకుంటున్నాం కాబట్టి కడుపు రాదనుకోవడం పొరపాటు. ఆ పని దానిది కాదు. ఇంకోటి, కలయిక జరిగిపోయాక 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్ర. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అది అండం విడుదలను వెనక్కి నెడుతుంది. ఇప్పటికే కడుపు నిలిచి ఉంటే దాన్ని ఏమీ చేయదు, అది గర్భస్రావం మాత్ర కాదు. నెలకు మూడు నాలుగుసార్లు అదే వేసుకుంటూ పోవడం మాత్రం సరైన పద్ధతి కాదు. నమ్మకం తక్కువ, నెలసరి లెక్క కూడా చెడుతుంది. ఇక నెల తప్పాక షాపులో కిట్ కొని సొంతంగా మింగడం వేరే సంగతి. అది గర్భస్రావం మందు. డాక్టర్ చూడకుండా వేసుకుంటే రక్తస్రావంతో ప్రాణం మీదకు వస్తుంది. గర్భస్రావం మన దేశంలో 1971 చట్టం ప్రకారం అనుమతి ఉన్నదే. దొంగచాటుగా చేయించుకోవాల్సిన పని లేదు, ఆసుపత్రికి వెళ్లండి.

తమ్ముళ్లూ, మీతో ఒక మాట. మాత్ర సుఖవ్యాధుల నుంచి, హెచ్‌ఐవీ నుంచి కాపాడదు. దానికి కండోమ్ ఒక్కటే. మగవాళ్లకు కోత, కుట్టు లేని ఆపరేషన్ కూడా ఉంది, ఆడవాళ్ల ఆపరేషన్ కంటే తేలిక. అయినా మన రాష్ట్రంలో చేయించుకునేవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. కనీసం రాత్రి అన్నం తిన్నాక "మాత్ర వేసుకున్నావా" అని అడగండి. ముందు చెప్పిన ఆ అమ్మాయి భర్తకు, ఆ లారీ డ్రైవర్‌కు, ఆ షీటు ఉందనే తెలియదు.

ఈ జిల్లా ఆడవాళ్ల గురించి ఒక సంగతి నేనెప్పుడూ చెబుతాను. దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు సారా గురించి పాఠం చదివి, తమ ఇంటి సంగతేనని గుర్తుపట్టి, సారా దుకాణాలు మూయించారు. రోశమ్మ లాంటివాళ్లు ముందు నడిచారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్లకు తమ బతుకు సంగతి తెలిసింది కాబట్టి కదిలారు. మన ఒంటి సంగతి కూడా అట్లాంటిదే. నాకు ఏఎన్‌ఎం ట్రైనింగ్‌లో చెప్పినదాన్ని నేను ఆ పిల్లకు చెప్పలేదు. మీకు చెప్పాను. మీ పక్కింటి పిల్లకు మీరు చెప్పండి.

ప్రశ్నలు ఉంటే అడగండి. అందరి ముందు అడగడానికి మొహమాటమైతే, పక్క గదిలో బీపీ మిషన్ పెట్టాను. మాత్రలు మొదలుపెట్టాలనుకున్నవాళ్లు ముందు బీపీ చూపించుకోవాలి. ఒక్కొక్కరే లోపలికి రండి. అత్తగార్లు ఇక్కడే కూర్చుని టీ తాగండి, నేను అందరికీ సమయం ఇస్తాను. ఏమ్మా, ఆ వెనక, ఎర్ర చీర. ఇందాకటి నుంచి షీటును తిప్పి తిప్పి చూస్తున్నావు. ముందు నువ్వు రా.